నీళ్ల పని

జూలై 6, ఆదివారం. నంద్యాల, హాస్టల్

మాకు తెలుగు చెప్పే కమలాక్షమ్మ మేడం రోజూ డైరీ రాయమన్నారు. "ఎవరికో చూపించడానికి రాయొద్దు కీర్తనా, నీకోసం రాసుకో. మాటలు నీకు అలవాటు పడతాయి" అన్నారు. నేనే మాటలకు అలవాటు పడిపోతున్నాను. ఈ వారం దొరికినవి: ముసురు, ఓరిమి, వెలితి. వెలితి చాలా బాగుంది. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. వెలితి అంటే ఉండాల్సింది లేకపోవడం.

రాయాలని కూర్చున్నది ఇది కాదు.

పొద్దున ఆళ్లగడ్డలో చర్చిలో నాయన దగ్గాడు. అందరూ దగ్గుతారు. పాస్టరు గారు వాక్యం ఆపి, దగ్గు తగ్గాక మొదలుపెట్టబోయారు. మళ్లీ వచ్చింది. నాయన లేచి బయటికి పోయి, చెప్పులు విడిచే చోట గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కిటికీలోంచి వీపు మాత్రమే కనిపించింది. చొక్కా కింద ఆ వీపు కదిలిన తీరు నాకు నచ్చలేదు. నచ్చలేదు అన్నది సరైన మాట కాదు. సరైన మాట నాకు తెలుసు. రాయను.

ఉన్నది ఉన్నట్టు రాయడం ముందు నేర్చుకోమన్నారు మేడం. అయితే ఇదిగో. మా నాయన సుందరరాజు, ప్రభాకర్ మామ శిల్పాల షెడ్డులో గ్రైండర్ పడతాడు. నల్లరాతి బండలో విగ్రహం కానిదంతా మిషనుతో కోసి తీసేసేది ఆయనే. ఆ తర్వాతే ప్రభాకర్ మామ ఉలి పడతాడు. రెండో గ్రైండర్ లాల్ సాహెబ్ మామది. ఆయన పోయినేడు చనిపోయాడు. టీబీ అన్నారు. మాత్రలు మింగుతూనే ఉన్నాడు, సన్నబడుతూనే ఉన్నాడు.

ఆయనకు బీడీల అలవాటు. నాయనకు లేదు.

ఆయన కూతురు ముబశ్శిరా నా గదిలోనే ఉంటుంది. ఇప్పుడు పక్క మంచం మీద బట్టలు మడత పెడుతోంది. "మీ నాయన బాగుండాడా?" అని అడిగింది. బాగున్నాడన్నాను.

జూలై 8

వాన. నాయనకు ఫోన్ చేశాను. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఫోన్ దూరంగా పెట్టి దగ్గి ఉంటే నాకు తెలియదు.

జూలై 11, శుక్రవారం

ముసురు. క్లాసుకు సగం మంది కూడా రాలేదు. మేడం పాఠం పక్కన పెట్టి, "కుందూ చూసినారా ఈ పొద్దు?" అని అడిగారు. ఎర్రగా నిండుగా పారుతోందని ఎవరో చెప్పారు.

అక్కడి నుంచి చైనాకు వెళ్లారు. వేల ఏళ్ల కిందట అక్కడ కొందరు పెద్దలు 'తావో' అనే మాట పట్టుకున్నారట. తావో అంటే దారి. మనుషులు వేసింది కాదు. ఏరుకు, గాలికి, ఎండకు ఉన్న దారి. దాన్ని ఎదిరించి బలం చూపేవాడు అలిసిపోతాడు, దానితో సర్దుకుని నడిచేవాడు నిలుస్తాడు. నీళ్లను చూడండి అన్నారు మేడం. అందరూ వద్దన్న పల్లంలోకి పోతాయి. బండ అడ్డమొస్తే కొట్లాడవు, చుట్టు తిరిగిపోతాయి. చివరికి అరిగేది బండే. అట్లా పని జరగడాన్ని 'చేయకుండా చేయడం' అంటారట.

వెనక బెంచీ వినయ్ లేచాడు. "మేడం, అట్లయితే పరీక్ష గూడా రాయకుండా రాయొచ్చా?"

"రాసుకో నాయనా. పాసు గాకుండా పాసైతావు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట నాలోకి చల్లగా దిగింది. దీనికి తెలుగులో ఒక్క మాట కావాలని సాయంత్రమంతా వెతికాను. లొంగు కాదు. తగ్గు కాదు. చివరికి దొరికింది: ఒదుగు. రెక్క కింద పిల్ల ఒదిగినట్టు. గిన్నెలో నీళ్లు ఒదిగినట్టు.

నేను ఒదుగుతాను. ఏది రావాలో అది వస్తుంది.

జూలై 20, ఆదివారం. ఆళ్లగడ్డ

నిన్న బస్సు దిగి నేరుగా షెడ్డుకు పోయాను, నల్లబెల్లం పొట్లంతో. రాతి పనివాళ్లు పని దిగాక బెల్లం నములుతారు. గొంతులో చేరిన దుమ్మును బెల్లం కిందికి ఈడ్చుకుపోతుందని నమ్మకం. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ నాయనకు ఆ ముక్క అందించేది నేనే. ఆయన నోరు తెరిచేవాడు, నేను పెట్టేదాన్ని. నాలుక ఒక్కటే ఎర్రగా ఉండేది. మిగిలిన ముఖమంతా బూడిద.

నిన్న షెడ్డులో ముందు నాయన కనిపించలేదు. దుమ్ము కనిపించింది. అందులోంచి నాయన వచ్చాడు. ముక్కుకు కట్టుకున్న తువ్వాల మెడలోకి జారి ఉంది. అది కట్టుకుంటే ఊపిరాడదంట.

"నీళ్లు పోసి కోస్తే దుమ్ము లేవదు గదా నాయనా" అన్నాను.

"నీళ్లు పోస్తే ప్రభాకరన్న గీసిన ఎర్ర గీతలు కొట్టుకపోతాయి. గీత పోయిందంటే ముక్కు యాడుందో, చెయ్యి యాడుందో ఎవరికి తెలుసు? ముక్కులేని దేవుణ్ణి ఎవరు కొంటారు పాపా?"

షెడ్డు చివర వేపచెట్టు కింద ఎలిజబెత్తవ్వ కూర్చుని, అమ్మవారి విగ్రహం మోకాలి మీద నీళ్లు పోస్తూ సానరాయితో రుద్దుతోంది. మా చర్చి అవ్వే. చెక్కడం అయిపోయాక నునుపు తేల్చే పని అది. షెడ్డులో దాన్ని నీళ్ల పని అంటారు. అక్కడ నేల తడిగా, నల్లగా ఉంది. దుమ్ము లేదు.

"నువ్వు ఆ పని చేయొచ్చు గదా."

నాయన నవ్వాడు. "నీళ్ల పనా? అది ముసలోళ్ల పని. నేను పోయి ఎలిజబెత్తవ్వ పక్కన కూర్చుంటే రేపు నాకు చీర గూడా ఇస్తారు."

ఆ నవ్వు దగ్గైంది. దగ్గు చాలాసేపు నవ్వులాగే వినిపించింది. తర్వాత అలా వినిపించలేదు.

ఈ రోజు చర్చి నుంచి వచ్చాక అమ్మ అన్నం పెడుతూ మొదలుపెట్టింది. "మనం మొక్కని దేవుళ్లను చెక్కుతాండావు. దేవునికి కోపం రాదా? అందుకే ఈ దగ్గు."

"ఏమే హన్నా, నేను చెక్కుతాండానా? రాయి కోస్తాండా. కన్ను తెరిచేది ప్రభాకరన్న. అంతవరకూ అది రాయే. రాయి కోయగూడదని బైబిల్లో యాడన్నా ఉండాదా?"

"నీకు అన్నీ ఎగతాళే."

"అన్నం పెట్టు ముందు."

ఆసుపత్రి సంగతి ఎత్తాలని బస్సులో వస్తున్నంతసేపూ అనుకున్నాను. ఎత్తలేదు. బండను గుద్దుకోవడం ఎందుకు? చుట్టు తిరిగి పోవాలి. ఒదిగాను. నాకు మంచిగానే అనిపిస్తోంది.

జూలై 22

లాల్ సాహెబ్ మామకు బీడీల అలవాటు. ఒకటి ఆరకముందే ఇంకొకటి వెలిగించేవాడు. నాయనకు లేదు.

జూలై 27

ముబశ్శిరా వాళ్ల నాన్నకు మొదట్లో ఎట్లా ఉండేదో అడగొచ్చు. పక్క మంచమే.

ఆగస్టు 1, శుక్రవారం

అమ్మ ఫోన్ చేసింది. నాయన బిందె ఎత్తుకుని మేడ మెట్లు సగం ఎక్కి దించేశాడట. అక్కడే కూర్చుని, "మెట్లు చూస్తాండా" అన్నాడట. మెట్లలో చూసేదేముంది?

క్లాసు అయ్యాక మేడం దగ్గరికి పోయాను. నేను తావోను బాగా పాటిస్తున్నానని చెప్పాలనుకున్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. మొత్తం చెప్పేశాను.

మేడం కళ్లద్దాలు తుడుచుకున్నారు. "పరీక్షకు రమ్మని మీ నాయనను ఒక్కసారన్నా అడిగినావా?"

"లేదు మేడం. బలవంతం చేయకూడదని..."

"అడగడం బలవంతమా?"

నేను కిటికీ వైపు తిరిగాను.

"నీళ్లు బండను కొట్టవు అన్నా. బండను చూసి వెనక్కి పోతాయని నేను చెప్పలేదే. భయపడి ఊరకుంటాండావు కీర్తనా. దానికి అంత మంచి పేరు పెట్టాకు."

మేడం ఎప్పుడూ 'పెట్టాకు' అనరు, 'పెట్టొద్దు' అంటారు. అందుకే చాలా తగిలింది. ఒదుగు అనే మాటను కొట్టేయాలనుకున్నాను. కొట్టేయలేదు.

ఆగస్టు 3

అడిగాను. "నాయనా, నంద్యాలకు రా, ఎక్స్‌రే తీయించుకుందాం" అన్నాను. ఎంత వాదించాలో అని కాగితం మీద పాయింట్లు కూడా రాసుకున్నాను.

"సరే, శుక్రవారం వస్తా" అన్నాడు.

వెంటనే ఒప్పుకున్నాడు. భయం ఇప్పుడు వేసింది.

ఆగస్టు 8, శుక్రవారం

ఎక్స్‌రే, కళ్లె పరీక్ష. అమ్మ కూడా వచ్చింది. బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. ఎదుట గోడ మీద టీబీ బొమ్మ, కింద పెద్ద అక్షరాలు: టీబీ నయమవుతుంది.

నాయన దాన్నే చూస్తూ అన్నాడు. "టీబీ అయితే మేలు పాపా. మాత్రలు మింగితే పోతాది. గవుర్మెంటే ఇస్తాది."

"టీబీనే అయ్యింటాది" అంది అమ్మ. "మా మేనత్తకు వచ్చి పోలేదా? ఇప్పుడు రాయి మాదిరి ఉండాది."

"రాయి మాదిరి వద్దులే" అన్నాడు నాయన.

నర్సు పిలిచే పేర్లు వింటూ ముగ్గురం ఒకే జబ్బును కోరుకుంటున్నాం. ఇట్లాంటి కోరికకు మాట ఉందా? వెతకను.

డాక్టరు నాయన చొక్కా పైకెత్తి, వీపు మీద ఒక వేలు పెట్టి రెండో వేలితో తట్టాడు. పైన, కింద, పక్కన. నాయన తల పక్కకు వంచాడు. షెడ్డులో కొత్త బండ దిగినప్పుడు సుత్తితో తట్టి వినేటప్పుడు కూడా అట్లాగే వంచుతాడు.

ఆగస్టు 10

దేవా, టీబీ.

ఆగస్టు 13, బుధవారం

టీబీ లేదు.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. గదిలో నాయన, నేను. అమ్మ బయట చీటీలు పట్టుకుని ఉంది. ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు, ఇసక చల్లినట్టు. "రాతి దుమ్ము. పేరుకుంది. పేరుకున్నది ఏ మందుకూ పోదు. ఇంకా చేరకుండా చూసుకోవాలి. దుమ్ము పని మానెయ్యాలి" అన్నాడు. ఎంత కాలం అని అడగబోయాను. నాయన నా చెయ్యి పట్టుకుని లేచాడు.

తలుపు దగ్గర నాతో అన్నాడు. "మీ అమ్మకు టీబీ లేదని చెప్పు. అంతే చెప్పు."

చెప్పాను. అమ్మ వరండాలోనే చేతులు జోడించి స్తోత్రం అంది. పక్కనున్న ఆమెకు కూడా చెప్పింది. బస్టాండులో మైసూర్‌పాకు కొనింది. నాయన తిన్నాడు, నేను తిన్నాను.

నాయనకు బీడీల అలవాటు లేదు. లాల్ సాహెబ్ మామ చనిపోయింది బీడీలతో కాదు. ఇది నాకు ఎప్పటి నుంచి తెలుసో ఇక్కడ రాయాలి.

రాయలేను.

ఆగస్టు 17, ఆదివారం. ఆళ్లగడ్డ

చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "నా భర్తకు టీబీ లేకుండా చేసిన దేవునికి స్తోత్రం." అందరూ ఆమెన్ అన్నారు. నాయన తల వంచుకుని ఉన్నాడు. నిన్న కూడా గ్రైండర్ పట్టాడు. గోరు సందుల్లో ఇంకా బూడిద ఉంది.

ఇంక లాభం లేదు. ఊరకుండటం తప్పని మేడమే అన్నారు. మధ్యాహ్నం గోడ పక్కకు పోయి ప్రభాకర్ మామకు ఫోన్ చేశాను. డాక్టరు చెప్పిందంతా చెప్పి, "నాయనకు గ్రైండర్ ఇయ్యొద్దు మామా. నేను చెప్పినానని చెప్పొద్దు" అన్నాను. మామ "సరేలేమ్మా" అన్నాడు.

ఏదో ఒకటి చేశాను. మంచి పనే.

ఆగస్టు 19

మంచి పనే.

ఆగస్టు 25, సోమవారం

నాయన ఇంట్లో లేడు.

అమ్మ ఫోన్‌లో అరిచింది. "ప్రభాకరన్నకు ఏం చెప్పినావు నువ్వు? ఆయప్ప మీ నాయనను అందరి ముందరా గ్రైండర్ ముట్టుకోవద్దన్నాడంట. నీ బిడ్డే చెప్పింది అన్నాడంట. మీ నాయన మాట్లాడకుండా ఇంటికొచ్చి, గుడ్డలు సంచిలో వేసుకుని పోయినాడు. పాణ్యం కాడ కంకర మిషన్లో చేరినాడంట. ఆడనే పడుకుంటాండాడంట. టీబీ లేదంటిరి గదా, ఇంకేముండాది?"

అప్పుడు చెప్పాను, మొత్తం. 

"నేను చర్చిలో సాక్ష్యం చెప్తిని గదే" అంది.

కంకర మిషను. బండల్ని నలిపి పిండి చేసే చోటు. రోడ్డు మీద పోయే బస్సు కిటికీలు కూడా మూసుకుంటారు అక్కడ. షెడ్డు దుమ్ములోంచి లాగబోయి నాయనను ఆ దుమ్ములోకి తోశాను. నేనే తోశాను.

ఆగస్టు 26

చదవలేకపోయాను. తినలేకపోయాను. ముబశ్శిరా నా పళ్లెం పక్కకు జరిపి, "చెప్పు" అంది.

"నీకు తెలుసు గదా" అన్నాను.

"జూలై నుంచి తెలుసు. మీ నాయన బాగుండాడా అని అడిగితే, బాగుండాడని బేగా చెప్తివి. అంత బేగా ఎవరూ చెప్పరు."

తర్వాత వాళ్ల నాన్న గురించి చెప్పింది. నేను ఇన్నాళ్లూ అడగనిది. "మా అబ్బాజాన్ గ్రైండర్ బ్లేడ్లు దాచిపెట్టినాం. కొత్తవి కొన్నాడు. మా అమ్మీ గడపకు అడ్డంగా పడుకునింది, దాటుకుని పోయినాడు. నేను రెండు దినాలు అన్నం తినలే. నా ముందర కూర్చుని ఆయన తిన్నాడు, ఏడ్చుకుంటా. చివరిదాకా కొట్లాటే కీర్తనా. ఇప్పుడు ఆయన గొంతు గుర్తు చేసుకుందామంటే కొట్లాడేదే వినిపిస్తాది. మామూలు మాట ఒక్కటి గూడా రాదు."

"మరి ఏం చేసింటే బాగుండు?"

"నాకేం తెలుసు" అంది. "ఏం చేసినా పోయేవాడేమో. ఒక్క దినం ఊరికే పక్కన కూర్చోనుంటే ఆ ఒక్క దినం ఉండేది."

ఆగస్టు 31, ఆదివారం

పాణ్యం పోయాను. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీలు కట్టించుకున్నాను. బస్సులో అనాల్సినవి వరసగా పేర్చుకున్నాను. దిగే లోపల ఒక్కొక్కటే పారేశాను. చివరిది పారేయడానికి చాలా కష్టమైంది. ఆ చివరిది, 'నువ్వు పోతే నేనేం కావాలి?'

అక్కడ చెట్లకు ఆకుపచ్చ లేదు. మనుషులంతా ఒకే రంగు. ముగ్గురిలో నాయన ఎవరో పోల్చుకోలేకపోయాను. దగ్గుతో పోల్చుకున్నాను.

"ఎవరు రమ్మన్నారు ఈడికి?"

"ఎవరూ లేదు."

"మీ అమ్మ పంపిచ్చిందా?"

"లేదు. ఉగ్గాని తెచ్చినా. బజ్జీలు మెత్తగైపోయినాయి."

దూరంగా పోయి, రోడ్డవతల తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. నాయన ముఖం కడుక్కుని వచ్చాడు. చెవుల వెనక ఇంకా తెల్లగానే ఉంది. తింటూ తింటూ, "ఇంగ అను" అన్నాడు. "ఏమో అనాలని వచ్చినావు గదా. డాక్టరయినావు, మేస్త్రీకి ఫోన్లు చేసేంత పెద్దదానివైనావు. అను."

"తప్పు చేసినా నాయనా. నీకు చెప్పకుండా చేసినా."

ఆయన నమలడం ఆపాడు. ఇంకేదో వస్తుందని చూశాడు. నా నోటి నిండా మాటలున్నాయి. మాటలంటే ఇంత ఇష్టం పెంచుకుని, ఈ రోజు వాటిని మింగడమే పనిగా పెట్టుకున్నాను. మిషను మోగుతూనే ఉంది. బజ్జీల పొట్లం ఆయన వైపు జరిపాను.

నిజంగా తెలుసుకోవాలనిపించినది ఒకటి అడిగాను. "నాయనా, మంచి రాయి మోగుతాదంటావు గదా. ఎట్ల మోగుతాది?"

"గంట మాదిరి. తట్టిన తర్వాత గూడా కొంచేపు ఉంటాది మోత. లోపల పగులుంటే డబ్బుమంటాది, పగిలిన కుండ మాదిరి. పైకి ఎంత నున్నగుండనీ, చెవికి తెలిసిపోతాది." ఒక బజ్జీ తుంచాడు. "ఆ డాక్టరు నా వీపు మీద తట్టినాడు చూడు. నేనూ విన్యా."

"ఏం వినిపించింది?"

నాయన చెయ్యి తుడుచుకున్నాడు. "బజ్జీ తిను. చల్లారిపోతాది."

చల్లారి చాలాసేపైంది. తిన్నాను.

లేచేటప్పుడు మిషను వైపు చూసి అన్నాడు. "ఈడ మోత లేదు పాపా. మంచి రాయి, చెడ్డ రాయి, అన్నీ కలిపి నలిపేస్తాండారు. చూడలేకుండా ఉండాది." తర్వాత, "మిషను పట్టకముందు నేను వాడిన ఉలులు ప్రభాకరన్న కాడనే ఉండాయి. పైవారం కాక ఆ పైవారం పోయి తెచ్చుకోవాల."

"నేనూ వస్తా" అన్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఒక్కటి కూడా.

సెప్టెంబర్ 5

ఉలుల కోసం నాయన వచ్చేదాకా రెండు వారాల దుమ్ము. అడగొచ్చా, ఆపొచ్చా, తెలియదు. మేడం కనిపిస్తే చెప్పాను. "భయం పోయిందా?" అన్నారు. లేదన్నాను. "పోవాల్సిన పని లేదు. అది తోసే పక్కకు పరిగెత్తకుండా ఉంటే చాలు. నువ్వు రెండు పక్కలకూ పరిగెత్తి చూసినావు గదా" అన్నారు.

సెప్టెంబర్ 14, ఆదివారం. ఆళ్లగడ్డ

ఇది నిదానంగా రాయాలి.

చర్చి అయ్యాక నాయన, నేను షెడ్డుకు పోయాం. అమావాస్య తప్ప అక్కడ సెలవు లేదు. ప్రభాకర్ మామ కళ్లు ఎత్తకుండా పలకరించాడు. "ఏమప్పా సుందరా, కంకర కాడ కూలి బాగుండాదంట?"

"బాగుండాదన్నా. ఆడ ముక్కులు చెక్కే బాధ లేదు."

నాయన మూలకు పోయి ఉలులు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకుంటున్నాడు. నేను మామ దగ్గరికి పోయి తప్పు చెప్పుకున్నాను. "నాదీ తప్పేలేమ్మా. అందరి ముందరా అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

వేపచెట్టు కింద ఎలిజబెత్తవ్వ నందిని రుద్దుతోంది. నన్ను చూసి, "రామ్మే, చదువుకున్న చెయ్యి ఎట్లుంటాదో చూద్దాం. నా రెక్కలు పడిపోతాండాయి" అని సానరాయి నా చేతిలో పెట్టింది. నేను కూర్చున్నాను. నంది మూపురం మీద మగ్గుతో నీళ్లు పోసి రుద్దాను. ఇష్టం వచ్చినట్టు రుద్దాను. నల్లటి నునుపు మీద తెల్లగా గుండ్రటి గీతలు పడ్డాయి. ఇంకా గట్టిగా రుద్దితే పోతాయేమోనని గట్టిగా రుద్దాను. ఎక్కువయ్యాయి.

నా మీద నీడ పడింది. నాయన సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

"అట్ల గాదు."

"ఎట్ల?"

"రాయిని బలంగా ఒత్తాకు. నీళ్లు పోనీ ముందర. నీళ్ల మీద రాయి పోవాల, రాయి మీద రాయి గాదు."

మళ్లీ రుద్దాను. ఇంకో గీత పడింది. నాయన నోట్లో నాలుకతో చప్పుడు చేశాడు. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం చూసి చేసే చప్పుడు.

"చెడగొడతాండావు పిల్లా. లెయ్."

సంచి కింద పెట్టాడు. పంచె మడిచి, ఆ తడి నేల మీద, ఎలిజబెత్తవ్వ పక్కన కూర్చున్నాడు. నా చేతిలోంచి సానరాయి తీసుకున్నాడు. "నీళ్లు పొయ్" అన్నాడు.

నేను పోశాను. నల్లటి నీళ్లు మూపురం మీదుగా జారి, ఆయన పాదాల కింద గుంటలోకి పోయాయి. అరచెయ్యి వెనక్కి ముందుకి నెమ్మదిగా కదిలింది. షెడ్డులో రెండో గ్రైండర్ పట్టిన మనిషి ఒక నిమిషం ఆపి ఇటు చూశాడు. నాయన కూడా చూశాడు. మళ్లీ రుద్దాడు.

"ఏమప్పా దుమ్ము రాజా" అంది అవ్వ. "నా పని లాక్కుంటాండావా?"

"నీ పని నాకేమిటికి అవ్వా. ఈ పిల్ల గీతలు పెట్టింది. సరిచేసి పోతా."

ప్రభాకర్ మామ చూశాడు. ఏదో అనబోయి, అనకుండా తన రాయి దగ్గరికి తిరిగి పోయాడు. ఆయనకు తావో ఎవరు చెప్పారో.

పొద్దు వాలేసరికి కూడా గీతలు పూర్తిగా పోలేదు. నాయన చేతులు కడుక్కుని, వేళ్ల కొనలతో మూపురం తడిమి, "రేపు వచ్చి చూస్తాలే" అన్నాడు. రేపు పాణ్యంలో ఉండాల్సిన మనిషి. ఉలుల సంచి అక్కడే మరిచిపోయాడు. నేను గుర్తు చేయలేదు.

సెప్టెంబర్ 15

కావాలని చెడగొట్టలేదు.

డైరీకి అబద్ధం చెప్పకూడదు. మొదటి గీతలు నిజంగా పని రాక పడ్డాయి. నాయన నీడ పడ్డాక పడిన గీత గురించి నాకు అంత నమ్మకంగా తెలియదు.

సెప్టెంబర్ 28, ఆదివారం. ఆళ్లగడ్డ

నాయన నంది దగ్గరే ఉన్నాడు. పాణ్యానికి పోలేదు. నీళ్ల పనిలో చేరానని ఎవరితోనూ అనలేదు. గీతలు సరిచేస్తున్నానంటాడు. గీతలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు వినాయకుడి తొండం సరిచేస్తున్నాడు, అది నేను ముట్టుకోనే లేదు. కూలి తగ్గింది. అమ్మ ఏమీ అనడం లేదు. చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పడం లేదు. కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంటుంది.

దగ్గు తగ్గలేదు. తగ్గుతుందని డాక్టరు చెప్పలేదు. జనవరిలో మళ్లీ ఎక్స్‌రే. ఆ చుక్కలు అన్నే ఉంటాయా, పెరుగుతాయా, ఎవరికీ తెలియదు. పెరగవని రాసుకోవాలని ఉంది. తెలియదనే రాస్తున్నాను.

పొద్దున హాస్టల్లో బయలుదేరేటప్పుడు ముబశ్శిరా అడిగింది. "మీ నాయన బాగుండాడా?"

"బాగలేడు" అన్నాను. "ఈ పొద్దు ఆయన పక్కన కూర్చుంటా."

ఆమె నాకు బెల్లం పొట్లం ఇవ్వలేదు, జాగ్రత్తలు చెప్పలేదు. తన దుపట్టాతో నా ముఖం ఒకసారి తుడిచింది.

మధ్యాహ్నం షెడ్డులో మగ్గుతో నీళ్లు పోస్తున్నాను. తొండం మీద నాయన అరచెయ్యి వెనక్కి ముందుకి పోతోంది. ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. చర్చిలో వచ్చిన దగ్గే. ఆ వీపు అట్లాగే కదిలింది, ఈసారి నా చేతికందేంత దగ్గర. మగ్గు గాల్లోనే ఆగిపోయింది. నాకు పరిగెత్తాలనిపించింది, ఎటో కూడా తెలియకుండా.

దగ్గు ఆగింది. నాయన మూతి తుడుచుకున్నాడు. తల ఎత్తలేదు. తొండం వంపు మీద వేలితో ఒకసారి తట్టి, తల పక్కకు వంచి విన్నాడు.

"నీళ్లేవి?" అన్నాడు. "ఆపాకు పాపా. పోస్తా ఉండు."

పోశాను.